‘ఇవాళ టాబ్లెట్ వేసుకున్నావా?’ అని అడిగేశాను

ప్రశ్న:

నాకు 36 ఏళ్లు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఏడాదిన్నర క్రితం మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయితో స్నేహం కుదిరింది. నాకంటే రెండేళ్లు చిన్న. మొదట్లో పని నేర్పింది నేనే, ఇప్పుడు నాకు డౌట్ వస్తే తననే అడుగుతాను. సాయంత్రం నాలుగింటికి ఓ పది నిమిషాలు మేడ మీదకి వెళ్లి కబుర్లు చెప్పుకోకపోతే మాకు రోజు గడిచినట్టే ఉండదు. నాకు ఆలస్యమైనప్పుడు నాలుగుసార్లు మా పాపని స్కూల్ నుంచి తనే తీసుకొచ్చింది. పాపకి తనంటే ప్రాణం.

మూడు వారాల క్రితం, ‘రేపు పొద్దున బ్లడ్ టెస్ట్ ఉంది, గంట లేటవుతుంది, కాస్త చూసుకో’ అంది. ఏం టెస్టని అడిగితే మామూలుగా చెప్పేసింది. తనకి బైపోలార్ ఉందట. పదకొండేళ్లుగా లిథియం వాడుతోందట. రక్తంలో మందు ఎంత ఉందో అప్పుడప్పుడు చూపించుకోవాలట. నేను ‘అయ్యో, నిన్ను చూస్తే అస్సలు అలా అనిపించదు’ అన్నాను. తను నవ్వి ఊరుకుంది.

అప్పటినుంచి నాకు మనశ్శాంతి లేదు. తను గట్టిగా నవ్వితే ఇది మామూలు నవ్వేనా అని చూస్తున్నాను. మాట్లాడకుండా కూర్చుంటే భయమేస్తోంది. పోయిన వారం ఒక ఫైల్ విషయంలో నా మీద విసుక్కుంది. తప్పు నాదే. అయినా నోట్లోంచి వచ్చేసింది: ‘ఇవాళ టాబ్లెట్ వేసుకున్నావా?’ అని. తను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి మేడ మీదకి రావడం లేదు, పనుందంటోంది. మా ఆయనకి అంతా చెప్పాను. ‘పాపని మాత్రం పంపకు’ అన్నారు. మొన్న పాపని తీసుకొస్తానని తనే అంటే, ఏదో అబద్ధం చెప్పి వద్దన్నాను.

నా భయం చిన్నప్పటిది. సెలవులకి వెళ్లే ఇంట్లో మా అమ్మకి చిన్నాన్న ఒకాయన వెనక గదిలో ఉండేవారు. తలుపుకి ఎప్పుడూ బయట గడియే. ‘అటు వెళ్లకండి, కరుస్తాడు’ అనేవాళ్లు పెద్దలు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మేం పిల్లలం ఆ కిటికీ దగ్గరికి చేరేవాళ్లం. ఆయన ఊచలు పట్టుకుని ‘టైమెంతయింది?’ అని అడిగేవారు. మేం కెవ్వుమని పరిగెత్తేవాళ్లం. ఇప్పటికీ ‘మెంటల్’ అన్న మాట వింటే నాకు ఆ ఊచలే గుర్తొస్తాయి.

అలాంటి జబ్బున్నవాళ్లంటే నాలో ఇంత చిన్నచూపు ఉందని ఇప్పుడే తెలిసింది. ఇదంతా తనకి చెప్పేసి క్షమాపణ అడగాలా? ఏడాదిన్నర స్నేహంగా తిరిగిన నేను దొంగనా? ఈ భయం ఎప్పటికైనా పోతుందా?

– పేరు వద్దు

సమాధానం:

‘తప్పు నాదే. అయినా’ అని మీరు రాసిన చోట నేను కాసేపు ఆగాను.

ఆ ఫైల్ గొడవ నెల ముందు జరిగి ఉంటే ఏమయ్యేది? ఆవిడ విసుక్కునేవారు. మీరు ‘సారీ, చూసుకోలేదు’ అనేవారు. నాలుగింటికి ఇద్దరూ మేడెక్కేవాళ్లు. అంతే. ఏడాదిన్నరలో ఆవిడ మీ మీద, మీరు ఆవిడ మీద ఎన్నిసార్లు విసుక్కుని ఉంటారో లెక్కే ఉండదు. అప్పుడు మీకు తోచే కారణాలు నిద్ర చాలలేదేమో, ఇంట్లో ఏదైనా టెన్షనేమో, లేదా నిజంగానే నేను పని చెడగొట్టానేమో. ఇప్పుడు ఆ కారణాలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. పైగా ఆవిడ అడిగిన ప్రశ్నకి, అంటే ఆ ఫైల్ ఎందుకలా అయిందన్నదానికి, జవాబు చెప్పాల్సిన అవసరం కూడా మీకు తప్పిపోయింది. ఎంత సులువుగా తప్పిపోయిందో చూశారా?

జబ్బు కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంటుందని మానసిక జబ్బుతో బతుకుతున్నవాళ్లు చెబుతుంటారు. వాళ్లకి కోపం వస్తే ఎవరూ దాన్ని కోపం అనుకోరు. సంతోషం వచ్చినా అంతే. అన్నిటికీ టాబ్లెట్టే. ఆవిడ మేడ మీదకి రాకపోవడం జబ్బు లక్షణమేమోనని మీకు లోపల అనుమానం ఉంటే, దాన్ని ఇక్కడే వదిలేయండి. మనసు కష్టపడితే ఎవరైనా చేసే పనే అది.

మీరు దొంగ కాదు. దొంగకి తన సంచిలో ఏముందో తెలుసు. మీ దగ్గర ఈ సరుకు ఉందని మూడు వారాల క్రితం వరకు మీకే తెలియదు.

ముందు కాస్త జబ్బు గురించి మాట్లాడుకుందాం. భయంలో సగం తెలియకపోవడమే. బైపోలార్ అంటే నిమిషానికోసారి మూడ్ మారిపోవడం అని చాలామంది అనుకుంటారు. కాదు. రోజుల తరబడి, ఒక్కోసారి వారాలూ నెలలూ సాగే దశలుంటాయి. ఒక దశలో నిద్ర అక్కర్లేనంత హుషారు, ఆగని మాటలు, చేతికందిన డబ్బంతా ఖర్చుపెట్టేయడం, ఏదైనా చేసేయగలనన్న ధీమా. ఇంకో దశలో మంచం దిగలేనంత కుంగుబాటు. ఈ రెండింటి మధ్య, మందులతో నిలకడగా ఉన్నవాళ్లకి ఏళ్లకేళ్లు కూడా, మీకూ నాకూ ఎలా గడుస్తాయో అలాగే గడుస్తాయి. ఒక జోకుకి గట్టిగా నవ్వడం ఈ లెక్కలోకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్క ప్రకారం ఈ జబ్బున్నవాళ్లు 4 కోట్ల మంది. ఏదో ఒక మానసిక సమస్య ఉన్నవాళ్లయితే ప్రతి 8 మందిలో ఒకరు. మీ సెక్షన్‌లో ఎంతమంది పనిచేస్తారో రాయలేదు గానీ, మీకు చెప్పింది ఈవిడ ఒక్కరే అని మాత్రం నాకనిపిస్తోంది.

ఇక లిథియం. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ ఇది ఉన్మాద దశలో, అంటే పైన చెప్పిన ఆ హుషారు దశలో, పనిచేస్తోందని ప్రకటించారు. ఇన్ని కొత్త మందులొచ్చాక కూడా దాన్ని పక్కన పెట్టలేదంటే, పట్టినవాళ్లకి అంత బాగా పడుతుంది. కాకపోతే దాంతో ఒక చిక్కుంది. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. అందుకే కొన్ని నెలలకోసారి రక్తంలో ఎంత ఉందో చూడాలి, కిడ్నీలూ థైరాయిడ్ ఎలా ఉన్నాయో కూడా గమనించాలి. బ్లడ్ టెస్ట్ అనగానే మీకు భయం పుట్టింది. నేనైతే ఆ టెస్ట్‌ని వేరేలా చదువుతాను. పదకొండేళ్లుగా మందు మానకుండా, టెస్టులు ఎగ్గొట్టకుండా, ఆఫీసుకి ముందే చెప్పి, పని ఇంకొకరికి అప్పజెప్పి మరీ వెళ్తున్న మనిషి ఆవిడ. బీపీ మాత్ర నాలుగు రోజులు వేసుకుని ‘ఇప్పుడు బాగానే ఉందిలే’ అని అటకెక్కించేవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. పాపని ఎవరికి అప్పగిస్తావని నన్నడిగితే, ఆ ఇద్దరికంటే మీ స్నేహితురాలికే ఓటేస్తాను.

‘కరుస్తాడు’ అన్న మాట కూడా చూద్దాం. లోకంలో జరిగే కొట్లాటల్లో, దౌర్జన్యాల్లో చాలా పెద్ద భాగం ఏ మానసిక జబ్బూ లేనివాళ్లు చేసేవే. జబ్బు ముదిరి, వైద్యం లేక, పైగా తాగుడో మత్తుమందులో తోడైతే ప్రమాదం కొంత పెరుగుతుంది. ఆ సంగతి దాచక్కర్లేదు. కానీ మొత్తంగా చూస్తే ఈ జబ్బులున్నవాళ్లు ఇంకొకళ్లని కొట్టేదానికంటే ఇంకొకళ్ల చేతిలో దెబ్బలు తినేదే ఎక్కువ. ఆ కిటికీ దగ్గర కూడా బయట గడియ పెట్టింది ఎవరు, లోపల ఉన్నది ఎవరు?

సరే, అసలు సంగతికి వస్తాను. ‘నిన్ను చూస్తే అలా అనిపించదు’ అన్నారు మీరు. మంచి మాట అనుకునే అన్నారు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు, బహుశా ఆ మాట వినడం అది పదోసారో పాతికోసారో అయ్యుంటుంది. దాని అర్థమేంటి? ‘అలాంటివాళ్లు’ ఎలా ఉంటారో నాకు తెలుసు, నువ్వు ఆ లెక్కలోకి రావు అని.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే ఈ అలవాటుకి ఒక పేరు పెట్టాడు. కంచె మళ్లీ బిగించుకోవడం. మనసులో ఒక గుంపు చుట్టూ కంచె వేసుకుంటాం. ఆ గుంపు మనిషి ఒకరు మన అంచనాకి పూర్తిగా భిన్నంగా కనిపిస్తే, అంచనా తప్పేమో అనుకోం. ఆ ఒక్కరినీ మర్యాదగా బయటికి పంపేసి, కంచె ఎప్పట్లాగే బిగించేస్తాం. వాళ్లంతా అంతే, నువ్వు మాత్రం వేరు.

మన సామెత ఒకటుంది కదా, అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని. మనుషుల విషయంలో ఈ సామెతని మనం ఎంత గడుసుగా వాడతామో చూడండి. వెనక గదిలో ఒక ముసలాయన్ని కొన్ని సెలవుల్లో, ఊచల అవతల, రోజుకి అర నిమిషం చొప్పున చూశారు. ఆ ఒక్క మెతుకుతో గిన్నె మొత్తానికి తీర్పు చెప్పేశారు. ఏడాదిన్నర రోజూ పక్క సీట్లో కూర్చుని, పని పంచుకుని, మీ పాప చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఈ మెతుకు వేరే గిన్నెదంటున్నారు. చెడు చూసినప్పుడు ఒక్కటి చాలు. మంచి చూసినప్పుడు వంద చూసినా చాలదు. ఇది మీ ఒక్కరి తప్పు కాదు, అందరం ఇలాగే తూస్తాం. నాకు తెలిసి ఇలాంటి అభిప్రాయాలకి పునాది ఈ దొంగ తక్కెడే.

స్నేహంతో ఇలాంటివి పోతాయా అంటే, పోతాయి. మంచి మాటగా చెప్పడం లేదు. దీని మీద పరిశోధన బోలెడంత జరిగింది. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు 38 దేశాల్లో రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్న 515 అధ్యయనాలని ఒకచోట పెట్టి చూశారు. భిన్నమైన గుంపుల మనుషులు ఒకరితో ఒకరు కలిసి మెలిసి తిరిగినకొద్దీ దురభిప్రాయం తగ్గుతోందని తేలింది. మానసిక జబ్బుల విషయంలో 2012లో ఇలాగే 72 అధ్యయనాలని కలిపి చూశారు. పెద్దవాళ్ల దగ్గర పాఠాలూ కరపత్రాలకంటే, ఆ జబ్బున్న మనిషిని ఎదురుగా కలవడమే ఎక్కువ పనిచేసింది. కాబట్టి పైన నేను చెప్పిన లిథియం పాఠం మీ స్నేహితురాలితో గడిపే ఓ సాయంత్రం పాటి కూడా చేయదు.

‘మరి ఏడాదిన్నర గడిపాను కదా, నా భయం ఎందుకు పోలేదు?’ అని మీరడగొచ్చు. అదే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. మీ స్నేహం వయసు ఏడాదిన్నర. కానీ బైపోలార్ ఉన్న మనిషితో మీ స్నేహం వయసు మూడు వారాలే. అంతకుముందు మీరు స్నేహం చేసింది, మీకు సంబంధించినంత వరకు, ఏ జబ్బూ లేని ఒక కొలీగ్‌తో. ఆ స్నేహం మీ మనసులోని వెనక గది వైపు వెళ్లనే లేదు. ఆ గదితో పని ఏముంది? అభిప్రాయం మారాలంటే ఎదుటి మనిషి మనకి ఇష్టమైనవారు కావాలి, ఆ గుంపులోని మనిషే అని మనకి తెలిసుండాలి కూడా. ఆ రెండూ మీకు మూడు వారాల క్రితమే ఒకచోట చేరాయి. సరిగ్గా మీ భయానికి చికిత్స మొదలైన రోజునే మీరు దూరం జరగడం మొదలుపెట్టారు. అందుకే తొందరగా వెనక్కి రమ్మంటున్నాను.

ఎలా రావాలో చెప్పేముందు ఎలా రాకూడదో చెబుతాను. ‘ఇక నుంచి ఆ ఆలోచనే రానివ్వను’ అని ఒట్టు పెట్టుకోకండి. 1994లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం చేశారు. గుండు చేయించుకుని రౌడీ వాలకంతో ఉన్న ఒక కుర్రాడి ఫొటో విద్యార్థులకి చూపించి, అతని రోజు ఎలా గడుస్తుందో రాయమన్నారు. అందులో సగం మందికి, ఇలాంటివాళ్ల గురించి జనం అనుకునే మాటలేవీ మనసులోకి రానివ్వొద్దని చెప్పారు. వాళ్లు బుద్ధిగా అణుచుకుని రాశారు. తర్వాత ఇంకో గదిలోకి తీసుకెళ్లి, ఇప్పుడు అతన్నే కలుస్తారని చెప్పారు. ఒక కుర్చీ మీద అతని జాకెట్, సంచీ ఉన్నాయి, మనిషి లేడు. బలవంతంగా అణుచుకున్నవాళ్లే ఆ కుర్చీకి ఇంకా దూరంగా కూర్చున్నారు. చేత్తో నీళ్లలోకి అదిమిన బంతి చెయ్యి తీయగానే ఎగిరినట్టు.

ఆలోచన వస్తే రానివ్వండి. వచ్చాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘నాకు ఈ జబ్బు సంగతి తెలియకపోయి ఉంటే, ఇప్పుడు ఏమనుకునేదాన్ని?’ ఆవిడ మౌనంగా ఉన్నారు. తెలియకపోతే? తలనొప్పేమో అనుకునేవారు, లేదా ‘ఏంటీ, అంత సైలెంట్?’ అని అడిగేసేవారు. అదే అడగండి. మొదట్లో రోజుకి పదిసార్లు ఈ ప్రశ్న వేసుకోవాల్సి రావచ్చు. డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు గేరు మార్చిన ప్రతిసారీ కిందకి చూసుకుంటాం. కొన్నాళ్లకి చెయ్యే చూసుకుంటుంది.

ఇక క్షమాపణ. చెప్పండి, కానీ అన్నీ చెప్పకండి. మీకు వెనక గది, ఊచలు, చిన్నప్పటి భయం అన్నీ ఆవిడ ముందు కుమ్మరించేసి తేలికపడాలని ఉంది. మీ ఉత్తరంలో ఆ తపన కనిపిస్తోంది. అలా చేస్తే ఏమవుతుందంటే, మీరు ఏడుస్తారు, ఆవిడ మీకు నీళ్లిచ్చి ఓదార్చాల్సి వస్తుంది. దెబ్బ తిన్నది ఆవిడ, కట్టు కట్టేదీ ఆవిడేనా? పైగా తన జబ్బు పేరు వినగానే మీకు ఊచల వెనకున్న మనిషి గుర్తొచ్చాడని తెలుసుకుని ఆవిడ ఏం చేసుకోవాలి?

జరిగిన వాటికి మాత్రం చెప్పండి. అవి మూడు. ఒకటి టాబ్లెట్ మాట. ‘ఫైల్ విషయంలో నువ్వన్నది కరెక్ట్. నేను టాబ్లెట్ మాటెత్తడం చాలా తప్పు. ఇంకెప్పుడూ అనను.’ ఇంత చాలు. ‘నా ఉద్దేశం అది కాదు’ అని మాత్రం తగిలించకండి, ఉద్దేశం అదే కదా. రెండోది పాప విషయంలో చెప్పిన అబద్ధం. ఆవిడకి తెలిసే ఉంటుంది. ఇలాంటివి పసిగట్టడంలో వాళ్లకి మనకంటే అనుభవం ఎక్కువ.

మూడోది మీరు మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. ‘మా ఆయనకి అంతా చెప్పాను’ అని. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను. అది మీది కాదు చెప్పడానికి. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేంటి అంటారేమో. మీ సంగతులకి ఆ సూత్రం బాగానే ఉంటుంది. ఇది ఆవిడ సంగతి. ఇలాంటి విషయం బయటికి పొక్కితే ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు, సంబంధాలు తప్పిపోయినవాళ్లున్నారు. మీ ఆయనకి ఇది ఎవరికీ చెప్పొద్దని ఇవాళే గట్టిగా చెప్పండి. చెప్పేశానని ఆవిడకీ చెప్పండి. మూడింటిలో ఇదే కష్టం. ఆవిడకి కోపం రావచ్చు, ఆ కోపాన్ని కోపంగానే తీసుకోండి.

నాకూ ఒక ముచ్చట ఉంది. నత్తి ఉన్నవాళ్లు అంత చురుకైనవాళ్లు కారని నాకు ఎప్పటినుంచో ఒక అభిప్రాయం. ఎక్కడ అంటుకుందో తెలియదు. ఒక ఉద్యోగంలో నత్తి ఉన్న ఒకాయన పక్కన నాలుగేళ్లు పనిచేశాను. ఆయన ఒక మాట దగ్గర ఆగితే, సాయం చేస్తున్నాననుకుని ఆ మాట నేనే అందించేదాన్ని. ఆరు నెలలు ఓపిక పట్టి, ఒకరోజు ఆయన పెన్ను కింద పెట్టి, ‘నేను చెప్పబోయింది అది కాదండీ’ అన్నారు. ఆ వాక్యం పూర్తిచేయడానికి ఆయనకి పావు నిమిషం పైనే పట్టింది. నేను నోరు మూసుకుని విన్నాను. అప్పుడే మొదటిసారి గమనించాను, ఆయన చెప్పాలనుకున్న మాటలు నేను అందించిన వాటికంటే ఎప్పుడూ బాగుండేవని. ఆ తర్వాత నేను పెద్దగా క్షమాపణలేవీ చెప్పలేదు. ఆగడం నేర్చుకున్నాను. ఆయన రిటైరైన రోజు వరకు పక్కపక్క సీట్లలోనే ఉన్నాం.

క్షమాపణ అయ్యాక జబ్బు గురించి ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడగొచ్చు: ‘ఎప్పుడైనా నీకు బాగోలేకపోతే నేనేం చేయాలి? ఎవరికి ఫోన్ చేయాలి?’ ఆవిడ చెబితే ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వద్దంటే సరేననండి. అక్కడితో ఆ టాపిక్ మూసేయండి. ఆవిడ మీకు బైపోలార్ టీచర్ కాదు. మీ భయం పోగొట్టడం ఆవిడ ఉద్యోగం కూడా కాదు. దాని గురించి మాట్లాడాలనిపిస్తే ఆవిడే ఎత్తుతారు.

ఆ తర్వాత పని. ఇద్దరూ కలిసి చేయాల్సిన పని ఏదైనా ఉంటే ముందు దాన్ని అందుకోండి, కబుర్లు తర్వాత వాటంతట అవే వస్తాయి. దీని గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు అమెరికాలోని డర్హమ్ ఊళ్లో 1971లో జరిగింది గుర్తొస్తుంది. స్కూళ్లలో నల్ల పిల్లల్ని, తెల్ల పిల్లల్ని కలిపి చదివించే విషయమై పది రోజుల సమావేశాలు పెట్టి, ఇద్దరిని కలిపి అధ్యక్షులుగా కూర్చోబెట్టారు. ఒకరు ఆన్ అట్‌వాటర్, నల్లజాతి హక్కుల కోసం పోరాడే ఆవిడ. రెండోవాడు సి.పి. ఎల్లిస్, నల్లవాళ్లని ద్వేషించే క్లాన్ అనే సంఘానికి ఆ ఊళ్లో నాయకుడు. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ద్వేషం మంచిది కాదని వాళ్లకెవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. సమావేశాలు నడపాల్సిన పని ఉంది, నడిపారు. మధ్యలో ఒకసారి ఇద్దరూ తమ పిల్లల గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరి పిల్లలూ స్కూల్లో ఒకేలాంటి అవమానాలు పడుతున్నారని బయటపడింది. పది రోజులు పూర్తయ్యేసరికి అతను అందరి ముందూ తన క్లాన్ సభ్యత్వ కార్డు చింపేశాడు. ఆ స్నేహం అతను 2005లో పోయేదాకా ఉంది, అంత్యక్రియల్లో ఆవిడ మాట్లాడింది కూడా. మీకంత పెద్ద పని అక్కర్లేదు. ఆ పాడైన ఫైల్ ఇంకా ఉండే ఉంటుంది కదా, ఇద్దరూ కూర్చుని సరిచేయండి.

పాప సంగతి మీరు అడగలేదు. కానీ నన్నడిగితే అసలు పరీక్ష అదే. మీ పాపని ఎవరు తీసుకొస్తానన్నా మీరు చూసుకోవాల్సినవి కొన్నుంటాయి: టైముకి వస్తారా, రోడ్డు జాగ్రత్తగా దాటిస్తారా, ఫోన్ ఎత్తుతారా. నాలుగుసార్లు అవన్నీ చేసి చూపించారు ఆవిడ. ఒంట్లో బాగోలేని రోజు పంపక్కర్లేదు, 102 జ్వరంతో ఉన్నవాళ్లనైనా అడగం కదా. మామూలు రోజున మామూలుగా పంపండి. మీ ఆయన ఒప్పుకోకపోతే, ఆయన అడిగేదానికి జవాబు చెప్పాల్సింది మీరు. ఆవిడ్ని ఎప్పుడూ సరిగ్గా చూడని ఆయన మాటకంటే, ఏడాదిన్నర చూసిన మీ మాటకి విలువ ఉండాలి. మొదటిసారి పంపినప్పుడు పాప ఇల్లు చేరేదాకా మీ గుండె దడదడలాడుతుంది. ఫర్వాలేదు. భయం పోయాకే పంపుతానంటే ఎప్పటికీ పంపలేరు. రెండు మూడుసార్లు పంపాక అదే సన్నగిల్లుతుంది.

భాష గురించి కూడా ఒక మాట. ‘పిచ్చి’ అనే మాట తీసేస్తే మన మాటల్లో సగం మిగలవు. పిచ్చి కోపం, పిచ్చి ఎండ, పాటలంటే పిచ్చి, ముద్దొస్తే ‘పిచ్చిదానా’. వీటన్నిటికీ ఉలిక్కిపడి నాలుక కరుచుకోనక్కర్లేదు. అలా చేస్తే ఆవిడకి ఇంకా ఇబ్బంది. కానీ ఒక మనిషిని కొట్టిపారేయడానికి ‘మెంటల్’, ‘పిచ్చోడు’ అన్నప్పుడు మాత్రం ఆగండి. ఆఫీసులో ఎవరో అన్నప్పుడు ఆవిడ పక్కన లేకపోయినా ఆగండి. ఆవిడ ఒక్కరితో బాగుంటే కంచె దగ్గరే ఆగిపోయినట్టు. రేపు ఇంకెవరో తెలియని మనిషి, మీకు ఏ విధంగానూ ఇష్టం లేని మనిషి, తనకి ఇలాంటి జబ్బుందని చెప్పినప్పుడు మీరు కుర్చీ ఎంత దూరం జరుపుతారన్నది చూడాలి.

ఒకటి ముందే చెప్పాలి. మీరు ఇవన్నీ చేసినా ఆవిడ మళ్లీ మేడ మీదకి రాకపోవచ్చు. ఎంతో నమ్మకం ఉంటే తప్ప బయటపెట్టని సంగతి బయటపెట్టి, మూడు వారాల్లో దెబ్బ తిన్నారు. నమ్మకం తిరిగి రావడానికి ఆవిడకి ఎంత టైం పడితే అంత పడుతుంది. అసలు రాకపోయినా తప్పుపట్టడానికి లేదు. మీరు మాత్రం నాలుగింటికి వెళ్తూ ఉండండి. వెళ్లేటప్పుడు ‘వస్తావా?’ అని అడగండి, రానంటే బతిమాలకుండా వెళ్లండి.

మీ ఉత్తరం మూసేసే ముందు ఆ కిటికీ దగ్గరికి ఇంకోసారి వెళ్లి వచ్చాను. ఆయన మిమ్మల్ని తిట్టలేదు, ఏమీ విసరలేదు, కరవలేదు. గోడ గడియారం లేని గదిలో ఉన్న ఏ మనిషైనా అడిగే మాటే అడిగారు. ఆ మధ్యాహ్నాల్లో ఇంటిల్లిపాదీ పడుకుంటే, ఆయనకి మనిషి గొంతు వినిపించేది బహుశా మీరు పిల్లలు వచ్చినప్పుడేనేమో. అయిదు పేరాల ఉత్తరంలో ఆయన పేరు లేదు. ఆ గదిలోకి వెళ్లకముందు ఆయన ఏం చేసేవారో, ఏం జబ్బో, ఎవరైనా డాక్టరుకి చూపించారో లేదో, అవీ లేవు. మీకు తెలియవనుకుంటాను. మీ అమ్మగారు ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆవిడ చిన్నాన్న పేరేంటో అడగండి.